ఫ్రెంచిలో ‘ప్లేనిపొతాన్స్యేర్’‌కి స్త్రీలింగ ప్రత్యయం?

స్త్రీలింగానికి చివర మార్చే స్పానిష్ అలవాటు ఫ్రెంచిలోకి వచ్చేసింది, చిక్కు అదే. మహిళా రాయబారి హోదా రాసేటప్పుడు ‘ప్లేనిపొతాన్స్యేర్’ (పూర్ణాధికారం గల) అనే విశేషణం చివర ఏం చేర్చాలన్నారు. ఏమీ అక్కర్లేదు.

1. లాటిన్‌లో ‘ప్లేనుస్’ అంటే నిండు, ‘పొతెన్షియా’ అంటే అధికారం. మన ‘పూర్ణాధికార’ అన్నమాటే.

2. ఫ్రెంచి రూపం చివర ‘ఇ’ (e) అక్షరం ముందే ఉంది, అందుకే రెండు లింగాలకూ ఒకటే. మారేది నామవాచకం: అంబసదర్ (రాయబారి), అంబసద్రీస్ (మహిళా రాయబారి).

3. ఎక్కువమంది జారిపడేది బహువచనం దగ్గర. హోదాలో పక్కపక్కనే వచ్చే ‘ఎక్స్‌త్రాఓర్దినేర్’ (అసాధారణ), ‘ప్లేనిపొతాన్స్యేర్’ రెంటికీ చివర ‘ఎస్’ రాయాలి. చెవికి వినబడదు, అందుకే చేతికి రాదు! దౌత్య సంబంధాలపై 1961 వియన్నా ఒప్పందం ఫ్రెంచి ప్రతి ముగింపు చూడండి: ‘లే ప్లేనిపొతాన్స్యేర్ సుసిన్యే’, అంటే కింద సంతకం చేసిన పూర్ణాధికార ప్రతినిధులు. అక్కడ అది నామవాచకం, అయినా ‘ఎస్’ ఉంది.

4. మిగతా భాషల్లో స్త్రీలింగం మారుతుంది:
స్పానిష్: ప్లెనిపొతెన్సియారియో, -రియా
ఇటాలియన్: ప్లెనిపొతెన్‌త్సియారియో, -రియా (బహువచనం -రి, -రియె)
పోర్చుగీసులోనూ -రియు, -రియా. ‘ఆ’ మీద ఒత్తు గుర్తు మరవద్దు
రొమేనియన్: ప్లెనిపొతెన్‌త్సియార్, -రə (చివర ‘అ’కి దగ్గరగా పలికే పొట్టి అచ్చు)