1911లో మా ఇల్ఫర్డ్ వీధిలో ఎవరుండేవారు?

లండన్ శివారులో పాత ఇల్లు కొన్నామని, వందేళ్ల కిందట అక్కడ ఎవరుండేవారో, ఏం పనులు చేసేవారో, ఎంతమంది పిల్లలు పుట్టారో ఎలా తెలుస్తుందని అడిగారు. మాది ఇల్ఫర్డ్, సెవెన్ కింగ్స్ స్టేషన్ దగ్గర. మా వీధి కోసం రెండు చలికాలాలు ఇదే పనిమీద కూర్చున్నాను. మీరు 1911 సెన్సస్‌తో, అంటే జనాభా లెక్కలతో, మొదలుపెట్టండి. ఇంటిపెద్ద స్వయంగా నింపిన కాగితాలు ఇంగ్లండ్‌లో ఆ ఏటి నుంచే దొరుకుతాయి.

ఇల్ఫర్డ్ జనాభా 1901లో సుమారు 41 వేలు, పదేళ్లకే 78 వేలు. కామెరాన్ కార్బెట్ వంటివారు పొలాల్లో వరసలుగా ఇళ్లు కట్టించారు. సెవెన్ కింగ్స్‌కు 1899లో, గుడ్‌మేస్‌కు 1901లో స్టేషన్లు వచ్చాయి. అందుకే మా వీధిలో వృత్తి గడి నిండా క్లర్కులే. పొద్దున్నే రైలెక్కి లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగే మనుషులన్నమాట. భార్యల గడి చాలాచోట్ల ఖాళీగా ఉంటుంది. అది చూసి వాళ్లకు పనేమీ లేదనుకోకండి, ఇంటిచాకిరీని ఆ కాగితం లెక్కలోకి తీసుకోలేదు.

నన్ను కదిలించింది మాత్రం పిల్లల లెక్క. పెళ్లయి ఎన్నేళ్లు, ప్రాణంతో పుట్టినవాళ్లు ఎందరు, ఉన్నవాళ్లు ఎందరు, పోయినవాళ్లు ఎందరు అని అడిగారు. మా అమ్మమ్మను పిల్లలెంతమంది అంటే "పుట్టింది ఏడుగురు, దక్కింది నలుగురు" అనేది. అదే మాట ఇంకొకరి చేతిరాతలో చదివినట్టనిపించింది. 1921 సెన్సస్‌లో ఈ ప్రశ్నలు తీసేశారు. కానీ ఎవరి దగ్గర పనిచేస్తున్నారో అందులో ఉంటుంది కాబట్టి అదీ చూడండి. 1931 కాగితాలు 1942లో కాలిపోయాయి.

పిల్లలు పుట్టిన ఊరి గడి అస్సలు వదలొద్దు. అప్పట్లో మా ఇంట్లో ఉన్న కుటుంబంలో పెద్ద పిల్లలిద్దరూ వెస్ట్ హామ్‌లో పుట్టారు, చిన్నది ఇల్ఫర్డ్‌లో. ఈ మధ్యలోనే వాళ్లు ఇక్కడికి మారారని తెలిసిపోయింది. పుట్టింది నలుగురు, ఉన్నది ముగ్గురు. నాలుగో బిడ్డ కోసం, జనన మరణాల నమోదు చూసే జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఆన్‌లైన్ సూచికలో ముందు పెద్దపిల్ల జననం వెతికి, తల్లి పుట్టింటి ఇంటిపేరు పట్టుకున్నాను. ఆ రెండు ఇంటిపేర్లతో జననాలన్నీ తీస్తే, సెన్సస్‌లో లేని ఒక పేరు మిగిలింది. మరణాల సూచికలోనూ అదే పేరు ఉంది. ఏడాది నిండని ఆడపిల్ల, వెస్ట్ హామ్‌లోనే పోయింది, వాళ్లు ఈ ఇంటికి రాకముందే.