చెలకలో గుండ్రంగా పాతిన రాళ్లున్నాయి, తవ్వొచ్చా?

నాన్నగారు జేసీబీతో చెలక చదును చేయిద్దామంటున్నారు, ఊళ్లోవాళ్లేమో ఆ రాళ్ల వలయాల కింద బంగారం ఉంటుందంటున్నారు, ఏం చేయాలని అడిగారు కదా. ముందు జేసీబీని ఆపించండి. మా పెదనాన్న చెలకలో సరిగ్గా ఇదే జరిగింది, అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

మావైపు వాటిని రాకాసి గుళ్లంటారు. పెద్ద పెద్ద గుండ్లు గుండ్రంగా, మధ్యలో రాళ్ల కుప్ప. అది తీసేసరికి కింద నాలుగు వైపులా నిలబెట్టిన బండలు, పైన మూతబండ, అచ్చం రాతిపెట్టె. మూత లాగితే మెత్తటి మట్టిలో కుండలు కనిపించాయి, లోపల నలుపు, బయట కింది సగం ఎరుపు, తడిమితే నున్నగా ఉన్నాయి. ఆత్రంగా బయటికి లాగబోయేసరికి సగం పగిలాయి. తుప్పు పట్టిన కత్తి ముక్క ఒకటి, కొన్ని ఎముకలు దొరికాయి. బంగారం లేదు. ఎముకలు చూసి పెదనాన్న భయపడి అన్నీ వాగులో వేయించేశారు.

తర్వాత చరిత్ర తెలిసిన ఒక మాస్టారు వచ్చి, కుండలు ఏ దిక్కున ఉన్నాయి, ఎముకలు కుండలోనా బయటా, కత్తి ఎక్కడుంది అని అడిగారు. ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాం. నాకు ఇప్పటికీ బాధ అదే.

అవి ఇనుపయుగం నాటి సమాధులు, చాలావరకు రెండు వేల ఏళ్లు దాటినవి. చాలాచోట్ల శవాన్ని నేరుగా పూడ్చేవాళ్లు కాదు, ముందు ఆరుబయట వదిలేసి, తర్వాత మిగిలిన ఎముకలు ఏరి, కుండలూ ఇనప పనిముట్లతో కలిపి పెట్టేవాళ్లు, అందుకే పూర్తి అస్థిపంజరం లేకపోయినా అది సమాధే. కుండలకు ఆ రెండు రంగులు వాటిని బోర్లించి కాల్చడం వల్ల వచ్చాయట, గాలి తగలని లోపలి భాగం నల్లబడి, గాలి తగిలినది ఎర్రబడుతుంది. గోదావరి వైపు జానంపేట దగ్గర ఇలాంటి రాతి గదులు వందల్లో ఉన్నాయి, కొన్నింటిలో శవపేటికలాగా తొలిచిన రాతి తొట్లు కూడా ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లయితే 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి చేరాయి. మీ చెలకలోవీ ఆ కాలపువే కావచ్చు.

ఇంకో విషయం, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికినది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే శిక్ష ఉంది, కాబట్టి బంగారం ఆశ చూపేవాళ్ల మాట వినకండి.

వలయాలను ఫోన్లో ఫొటోలు తీయండి, పక్కన ఒక మనిషిని నిలబెడితే కొలత తెలుస్తుంది. ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో కాగితం మీద గీసి, తహసీల్దారు ఆఫీసులోనో పురావస్తు శాఖకో ఇవ్వండి. మా చెలకలో మిగిలిన రెండు వలయాలను పెదనాన్న ముట్టుకోలేదు, చుట్టూ దున్ని కంది వేస్తున్నారు, పెద్దగా చోటేమీ పోలేదు.