షెడ్డంతా ఒకేసారి దగ్గితే అది ఫ్లూ!

సందేహం: ఆరు రోజుల కిందట మా పందులన్నీ రెండు రోజుల వ్యవధిలో దగ్గు, జ్వరంతో మేత మానేశాయి. బ్యాక్టీరియా నిమోనియా అనుకొని, డీలర్ ఇచ్చిన యాంటీబయాటిక్‌ను నీళ్లలో కలిపాం. చాలావరకు కోలుకున్నాయి. మూడు మాత్రం మళ్లీ పడిపోయి డొక్కలెగరేస్తున్నాయి. ఇంకా పవర్ ఉన్న మందు చెప్పండి.

జవాబు: మొదట వచ్చింది నిమోనియా కాదండీ, స్వైన్ ఫ్లూ. షెడ్డంతా ఒక్కసారిగా మూలబడి, వారంలోపే తేరుకోవడం ఫ్లూ తీరు. ఆ మందు వేయకపోయినా అవి లేచేవి. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు.

ఇప్పుడు ఆ మూడింటికి వచ్చింది బ్యాక్టీరియా నిమోనియాయే అనిపిస్తోంది. ఫ్లూ వైరస్ శ్వాసనాళం లోపలి పొరను దెబ్బతీస్తే, ముక్కులో ఉండే పాశ్చురెల్లా, స్ట్రెప్టోకాకస్ వంటి బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. వైరస్ ఒక్కటే సోకితే జబ్బు తేలిగ్గా ఉంటుందని, హీమోఫిలస్ బ్యాక్టీరియా తోడైతే ముదురుతుందని అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ షోప్ 1931లోనే పందుల్లో చూపించారు.

మూడింటినీ ఈరోజే వేరు చేయండి. పశువైద్యుడి చేత సెఫ్టియోఫర్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కిలో బరువుకు 3 మి.గ్రా. చొప్పున మెడ కండలోకి రోజుకొకసారి మూడు రోజులు వేయించండి. 60 కిలోల పందికి 180 మి.గ్రా.; మి.లీ.కి 50 మి.గ్రా. ఉండే మందైతే 3.6 మి.లీ. జ్వరానికి మెలాక్సికామ్ కిలోకు 0.4 మి.గ్రా., అవసరమైతే 24 గంటల తర్వాత మరోసారి. తగ్గిందని రెండో రోజే ఆపేయకండి. లేబుల్ మీద రాసిన గడువు దాటేదాకా మాంసానికి అమ్మకండి.

నీళ్లలో మందు కలపడం మానండి. జబ్బు పంది నీళ్లు సరిగా తాగదు, దానికి డోసు అందదు. బాగున్నవి అనవసరంగా తాగుతాయి. మందుకు లొంగని బ్యాక్టీరియా పుట్టుకొచ్చేది ఇలాగే. పందిని చూడకుండా, టెంపరేచర్ తీయకుండా సీసా చేతిలో పెట్టే డీలర్ మాట దయచేసి వినకండి. ఏదైనా చనిపోతే వెంటనే పోస్ట్‌మార్టం చేయించి, ఊపిరితిత్తి ముక్కను ఐస్ మీద ల్యాబ్‌కు పంపండి. ఏ మందు పనిచేస్తుందో కల్చర్ పరీక్ష (బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడటం) చెబుతుంది.

వైరస్ కోసం ముక్కు స్వాబ్ తీయాల్సింది జ్వరం వచ్చిన తొలి మూడు రోజుల్లో. ఆ సమయం దాటింది కాబట్టి ఇప్పుడొకసారి, మూడు వారాలకు మరోసారి రక్తం తీయించండి. యాంటీబాడీలు బాగా పెరిగితే ఫ్లూ అని రుజువైనట్టే.

షెడ్డులోకి మాస్కు లేకుండా వెళ్లకండి. జలుబు, జ్వరం ఉన్న మనిషిని అసలు రానివ్వకండి. 2009 నాటి హెచ్1ఎన్1 ఫ్లూ వైరస్ మనుషుల నుంచి పందులకు చాలా దేశాల్లో పాకింది.