బండి అమ్మేయాలా? ముందు కంప్రెసర్ సంగతి తేల్చండి

ప్రశ్న: మాది తెనాలి. నాకు 43 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. పాత టాటామొబైల్ పికప్ ఒకటి కొన్నాను. ఇంటి పక్క ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు వేసుకుని, ఆదివారాలు నేనే బాగుచేసుకుంటున్నాను. షెడ్డూ సగంలో ఉంది, బండీ సగంలో ఉంది. ఈమధ్య ఇంట్లో చెప్పకుండా ఈఎంఐ మీద గాలి కంప్రెసర్ తీసుకున్నాను. బ్యాంకు మెసేజ్ చూసి నా భార్యకు తెలిసిపోయింది. అప్పట్నుంచి ముభావంగా ఉంటోంది. బావమరిది బండిని తుక్కుకు వేసేయమంటున్నాడు. నాకున్న సరదా ఇదొక్కటే. అమ్మేయాలా?

జవాబు: ఈ గొడవలో మాత్రం అమ్మకండి. ఇప్పుడు అమ్మితే, మీ సరదా పోవడానికి ఆవిడే కారణమని ఏళ్ల తరబడి సణుగుతూనే ఉంటారు. కానీ కంప్రెసర్ విషయంలో నేను పూర్తిగా ఆవిడ పక్షం. ఇంటి డబ్బు ఎటు పోతోందో బ్యాంకు మెసేజ్ చూసి తెలుసుకోవాల్సి వస్తే ఏ భార్యకైనా మండుతుంది. ‘ఎలాగూ కావాల్సిందే కదా’ అని సర్దిచెప్పబోకండి. చెప్పకపోవడం తప్పేనని ఒప్పుకుని, ఇప్పటిదాకా అయిన ఖర్చంతా కాగితం మీద రాసి చూపించండి. బిల్లు లేకుండా నగదుకి కొన్నవి కూడా అందులో ఉండాలి. ఇకపై నెలకు ఇంత అని ఇద్దరూ కలిసి అనుకోండి. ఆ నెల డబ్బు అయిపోతే పని ఆగిపోవాలి, అంతే.

ఇక షెడ్డు. మీ అసలు చిక్కు ఇక్కడే ఉందనిపిస్తోంది. రెండు పనులూ ఒకే జేబులోంచి, ఒకేసారి నడుపుతున్నారు. బండికి ఏది చేద్దామన్నా ముందొక పనిముట్టు కావాలి. అది కొంటే రిపేరు ముందుకెళ్లినట్టే ఉంటుంది, బండి మాత్రం కదలదు. కొన్ని నెలలు బండికి కవరు కప్పేయండి. ముందు గచ్చు, సరైన ఎర్తింగ్‌తో కరెంటు, మంచి లైటు, తాళం పడే బీరువా. మట్టినేల మీద జాకీ దిగబడుతుంది. గచ్చు ఉన్నా సరే, బండి బరువు మోసే స్టాండ్లు పెట్టకుండా ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందకు దూరవద్దు. ఆవిడ కోపంలో ఈ భయం కూడా ఉండొచ్చు, పైకి అనకపోయినా.

ఇంజిన్ బోరింగ్, టింకరింగ్, పెయింటింగ్ ఇంట్లో చేయాలనే పట్టు వదిలేయండి. విజయవాడ ఆటోనగర్ మీకు పక్కనే ఉంది. ఆ మిషన్లన్నీ ఇంటికి తెస్తానంటే షెడ్డు పనికి అంతూపొంతూ ఉండదు. బ్రేకులు, వైరింగ్, తుప్పు గీకడం, సీట్లు మీరు చేసుకోండి. వరస కూడా బ్రేకులు, స్టీరింగ్, డీజిల్ లైన్లతో మొదలవ్వాలి. రంగు అన్నిటికన్నా చివర. టాటామొబైల్ వచ్చింది 1988లో. 1991లో వచ్చిన టాటా సియెర్రా కారుని దీని ఆధారంగానే తయారుచేశారు కాబట్టి, సామాన్లు దొరక్కపోతే ఆ పేరుతో కూడా వాకబు చేయండి.

ఇంకో రూపాయి పెట్టేముందు కాగితాలు చూసుకోండి. సరుకు బండిగా రిజిస్టరై ఉంటే, 8 ఏళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆర్‌సీ పరిస్థితేంటో ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కోండి. ఇంజిన్ మార్చాలన్నా వాళ్ల అనుమతి ఉండాలి. తుప్పు వదిలించే ఊపులో ఛాసిస్ (బండి చట్రం) మీద కొట్టిన నంబరును గ్రైండర్‌తో చెరిపేస్తే మాత్రం పెద్ద తలనొప్పి. కాగితాలు ఎటూ కుదరవని తేలితే, అప్పుడు అమ్మకం సంగతి ఆలోచించవచ్చు. అది మీ ఇద్దరి మధ్య తేలాల్సిన విషయం. బావమరిదితో వాదన పెట్టుకోకండి.

ఒక్క మాట. ఆదివారాలు మీరేం చేస్తారో రాశారు. ఆవిడకు ఆదివారం ఏం కావాలో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అడిగి చూడండి. నెలలో రెండు ఆదివారాలు షెడ్డు మూసేయమంటే మూసేయండి, రాత్రుళ్లు గ్రైండర్ చప్పుడు వద్దంటే ఆపేయండి. ఈఎంఐ ఇంకా ఎన్ని నెలలుందో కూడా ఈరోజే చెప్పేయండి, వచ్చే నెల మెసేజ్ ఎలాగూ వస్తుంది.