యూదు కొలీగ్‌కి ఏపీసీ జన్యువులో ఐ1307కె అనే తేడా ఉందట. పెద్దపేగు క్యాన్సర్ ఖాయమేనా? నేను కూడా టెస్ట్ చేయించుకోవాలా?

ఖాయమేం కాదండీ. ఏపీసీ అంటే పేగు కణాలు అదుపు తప్పి పెరగకుండా చూసే జన్యువు. మీరు రాసిన ఐ1307కె అనే మార్పు అష్కెనాజీ యూదుల్లో, అంటే మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదుల్లో, నూటికి ఆరుగురిలో ఉంటుంది. అమెరికాలో మామూలు మనిషికి ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం జీవితం మొత్తం మీద నూటికి నాలుగు. ఈ మార్పు ఉన్న అష్కెనాజీలకు అది ఒకటిన్నర, మహా అయితే రెండు రెట్లు అవుతుంది. అంటే నూటికి తొంభై మందికి పైగా దాని ఊసే ఉండదు.

నాకెలా తెలుసంటే, న్యూజెర్సీలో నా పక్క సీటు పెద్దాయనకి ఇదే ఉంది. కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాష రాసే తరం మనిషి. కొలనోస్కోపీకి, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పెట్టి చూసే పరీక్షకి, మత్తిస్తారు కాబట్టి ఇంటికి తీసుకెళ్ళే మనిషి లేకపోతే ఆస్పత్రివాళ్ళు బయటికి పంపరు. భార్య ఊళ్ళో లేదు, నన్నడిగారు. ముందురోజు తినాల్సినవాటి కాగితంలో జెల్లీ అని ఉంటే, అందులో జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుందని ఆయన ముట్టలేదు. నేనూ ముట్టను, కారణాలు వేరు. ఇద్దరం ఆ కాగితం రాసినవాణ్ణి కాసేపు తిట్టుకున్నాం.

పరీక్ష అయ్యాక చేతికి రంగు ఫొటోల షీట్ ఇచ్చారు. ఒక ఫొటోలో కాడతో సహా శనగ గింజంత పాలిప్, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న బొడిపె. పక్క ఫొటోలో దాని మెడకి తీగ ఉచ్చు. మూడో దాంట్లో తెల్లటి మచ్చ, అంతే. అలాంటిది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ళు పడుతుంది, అది మారేలోపే కోసేశారు.

కారులో ఇంకో కాగితం చూపించారు. జెనెటిక్ కౌన్సిలర్ గీసిన వంశవృక్షం. మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి సున్నాలు, జబ్బు వచ్చినవాళ్ళకి నలుపు, పక్కన వయసు. తల్లి వైపు నిండుగా ఉంది. తండ్రి వైపు తాత పోలండ్‌లోని బియాలిస్తోక్ నుంచి వచ్చారట. ఆయన అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు అందరి గడుల్లోనూ ఒకటే గీత. 1943లో ట్రెబ్లింకా అనే నాజీల మరణశిబిరంలో పోయారు. ఎవరికి ఏ జబ్బు వచ్చేదో తెలిసే వయసుదాకా ఎవరినీ బతకనివ్వలేదు. "అందుకే నాకు ఈ రక్తపరీక్ష కావాల్సొచ్చింది" అన్నారు.

మనకి ఆ ఖర్మ పట్టలేదు కదా, మనమేం చేస్తున్నాం? మా పెదనాన్న దేనితో పోయారంటే ఇప్పటికీ "కడుపునొప్పి" అంటారు. ఏళ్ళ తరబడి రక్తం పడుతుంటే మొలలని నాటుమందు మింగించారు. చివరికి పెద్దాస్పత్రిలో అసలు జబ్బు పేరు చెప్తే, ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయని దాచేశారు. ఆయన కొడుక్కి నలభై దాటగానే అదే వచ్చింది. వాడు డాక్టర్ దగ్గర "మా ఇంట్లో ఎవరికీ లేదండీ" అని చెప్పి వచ్చాడు!

ఈ ఐ1307కె సంగతి 1997లో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు బయటపెట్టారు. ఏపీసీ జన్యువు డీఎన్ఏలో ఒక టీ అక్షరం ఏ అయిపోయి, వరసగా ఎనిమిది ఏలు పడతాయి. వడ్లు కొలిచేవాడు ఒకే కుంచం వరసగా పోస్తూ లెక్క తప్పినట్టు, కణం ఆ వరసని నకలు తీసేటప్పుడు ఒకటి ఎక్కువో తక్కువో వేస్తుంది. అప్పుడు ఆ కణంలో జన్యువు పాడవుతుంది. పుట్టుకతో వచ్చింది జబ్బు కాదు, తప్పు జరగడానికి వీలు మాత్రమే. వందల పాలిప్‌లు వచ్చే పాలిపోసిస్ వేరే సంగతి, అదీ ఇదీ కలిపి భయపడొద్దు.

మీ కొలీగ్ రిపోర్టులో ఎమ్‌ఎస్‌హెచ్2 అనే ఇంకో జన్యువు పేరు కూడా ఉందేమో చూడమనండి. అష్కెనాజీల్లో ఆ జన్యువులో ఏ636పి అనే మార్పు అరుదుగా కనిపిస్తుంది. అది లించ్ సిండ్రోమ్, పేగు, గర్భసంచి క్యాన్సర్లు వంశంలో వచ్చే జబ్బు, దాంతో ఆటలొద్దు. ఇరవై, పాతికేళ్ళ నుంచే ఏడాదికో రెండేళ్ళకో కొలనోస్కోపీ, ఆడవాళ్ళకి గర్భసంచి మీద కూడా కన్ను. వట్టి ఐ1307కె అయితే నలభైకి మొదలుపెట్టి ఐదేళ్ళకోసారి చాలంటారు.

ఇక మీ టెస్ట్ సంగతి. అష్కెనాజీలు ఆరేడు వందల ఏళ్ళ కింద కొన్ని వందల మందికి కుదించుకుపోయి, మళ్ళీ వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకుంటూ పెరిగారు. అందుకే ఆ మార్పు వాళ్ళలో అంతమందికి పాకింది. మనవాళ్ళకి దానికోసం వెతకడం డబ్బు దండగ. కులంలోనే చేసుకునే మనకి మన జాబితా వేరే ఉంది. మేం వైశ్యులం. మాలో కొందరికి ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు నిమిషాల్లో దిగాల్సింది గంటలైనా దిగదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. మత్తు డాక్టరుకి ముందే చెప్పమంటే మా ఇంట్లో "కులం పేరు చెప్పడం ఏం మర్యాద" అంటారు. మర్యాదట!

ఆన్‌లైన్ కిట్‌లో ఉమ్మి పంపే బదులు మీ పెద్ద మేనత్తకి ఫోన్ చేసి ఎవరు ఏ వయసులో దేనితో పోయారో రాసుకోండి. కడుపునొప్పి అంటే ఒప్పుకోకండి.