పుట్టిన ఊళ్లో కాటేజీ దిగుతున్నాం, అమ్మకు ఎలా చెప్పను?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర పట్టపుపాలెం. నాన్న వేటకు వెళ్తారు. రెండు గదుల ఇల్లు. పెళ్లయి ఆరేళ్లు, బెంగళూరులో ఉంటున్నాం. మే నెలలో అత్తమామలు, ఆడపడుచు వాళ్లతో కలిసి వెళ్దామని మావారు మైపాడు బీచ్‌లో మూడు రోజులకు కాటేజీలు బుక్ చేశారు. ఇల్లుండగా అద్దె గదిలో దిగుతారా అని అమ్మ ఏడుస్తుంది. ఇంకా చెప్పలేదు. నిజానికి కాటేజీ అనగానే నాకూ హాయిగా అనిపించింది. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీకు హాయిగా అనిపించడంలో తప్పు లేదు. రెండు గదుల్లో అంతమందిని ఎలా సర్దాలన్న టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. అయితే ఆ ఇల్లు అత్తగారి కంట పడుతుందన్న సిగ్గు కూడా అందులో ఉందేమో చూసుకోండి. ఉంటే మీవారితో చెప్పుకోండి. దాచుకున్న కొద్దీ అది మీ అమ్మ మీద విసుగుగా బయటికొస్తుంది.

మీరు వెళ్లేది మేలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో ఇంజన్ బోట్లకు వేట నిషేధమని మీకు నేను చెప్పాలా! అవి చేపలు గుడ్లు పెట్టే రోజులు. మీ నాన్నది ఇంజన్ బోటే అయితే, మీరు దిగే నాటికి ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. చేతిలో డబ్బు ఆడని ఆ రోజుల్లో అల్లుడు, వియ్యపురాలు వస్తే మీ అమ్మ అప్పు చేసైనా వంజరం కొంటుంది. అందుకే కాటేజీ మంచి ఆలోచనే అంటాను.

కానీ ఆ మాట అమ్మతో అనకండి. 'మీకు శ్రమ ఎందుకని' అన్నారంటే ఆమెకు పరాయిదాన్ని చేసినట్టుంటుంది. 'రాత్రి పడుకోవడానికే కాటేజీ, అంతమందికి చోటు చాలదు కదమ్మా' అని ఉన్నమాట చెప్పండి. మీరే ఫోన్ చేసి, ఈ వారమే చెప్పండి. పాలెంలో కబురు దాగదు, ఇంకొకరి నోట వింటే ఆ నొప్పి ఏళ్ల తరబడి ఉంటుంది.

మీవారికి ఒక్కటి గట్టిగా చెప్పండి. కారు ముందు మీ ఇంటి దగ్గరే ఆగాలి, కాటేజీ తాళాలు తర్వాత. అల్లుడు ఆ గడపలో కూర్చుని కాసిని మంచినీళ్లు తాగితే మీ అమ్మ సగం ఊరుకుంటుంది. మామిడికాయల కాలం కదా, ఒక పూట ఆమె చేతి పులుసు అందరూ మీ ఇంట్లోనే తినండి. బియ్యం, నూనె నెల్లూరులో కొని తీసుకెళ్లండి. చేప మాత్రం దొరికింది ఏదైనా సరే, అమ్మనే ఎంచనివ్వండి. ఒక రాత్రి మీరు, పిల్లలుంటే వాళ్లతో సహా, ఆమె పక్కనే పడుకోండి.

సముద్రం విషయం నాన్నకు వదిలేయండి. ఎక్కడ లోతో, ఏ వేళ అల లాగుతుందో కాటేజీ వాళ్లకంటే ఆయనకే తెలుసు. 'మీరు ఒడ్డున ఉంటేనే పిల్లల్ని నీళ్లలోకి దించుతాం నాన్నా' అని అత్తమామల ముందే అనండి.

ఇన్ని చేసినా అమ్మ ఏడవొచ్చు. ఏడవనివ్వండి, సర్దిచెప్పకండి. ఆరేళ్లుగా ఆమె ఎదురుచూసేది మీ కోసం. ఫోన్‌లో విషయం చెప్పాక, మీరు ఏ రోజు ఏ వేళకు ఇంటికి చేరతారో కూడా చెప్పి పెట్టేయండి.