ఉన్ని సన్నబడిందని మురిసిపోకండి

ప్రశ్న: డాక్టరుగారూ, మేం ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌కి గంటన్నర దూరంలో పన్నెండెకరాలు కొన్నాం. విత్తిన గడ్డి కాదు, తనంతట తాను మొలిచే కంగారూ గడ్డి, వాలబీ గడ్డి. ఆరు అల్పాకాలున్నాయి (ఉన్ని కోసం పెంచే ఒంటె జాతి జంతువులు). మే నెలలో పుట్టిన నల్లపిల్ల పెరగడం లేదు, నడుం వంచి బరువుగా నడుస్తోంది. పెద్దవాటి ఉన్ని మాత్రం పరీక్షకు పంపితే పోయినేడాది కంటే సన్నమని వచ్చింది. దాణా పెట్టాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు పిల్ల సంగతి చూడండమ్మా, ఉన్ని ఎక్కడికీ పోదు. అల్పాకాల పుట్టిల్లు పెరూ, బొలీవియా కొండలు. 4,000 మీటర్ల ఎత్తున ఎండ చురుక్కుమంటుంది. మీ దగ్గర మే నుంచి ఆగస్టు దాకా చలి రోజులు, ఎండ పేరుకే. ఆ కాస్తనీ దట్టమైన నల్ల ఉన్ని ఒంటికి తగలనివ్వదు. విటమిన్ డి అందక, రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి ఎముకలు మెత్తబడతాయి. ఆ నడకను బట్టి నా అనుమానం అదే. రక్తపరీక్ష చేయించి, అక్కడి డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇంజెక్షన్ వేయించండి. ఎక్కువైతే అదే విషం. చూడి పదకొండున్నర నెలలు కాబట్టి ఇకపై అక్టోబరు, నవంబరుల్లో మగదాన్ని కలిపితే పిల్లలు ఎండ ఉన్న రోజుల్లో పడతాయి.

ఇక ఉన్ని. సన్నపోగుకి ధర ఎక్కువే, కానీ మేత తగ్గినా పోగు సన్నబడుతుంది. ఒక కుచ్చు రెండు చివర్లూ పట్టుకుని చెవి దగ్గర లాగండి. టింగుమంటే సరే. చిటపటమని ఒకేచోట తెగితే, అక్కడి పోగు పెరిగిన రోజుల్లో ఆ అల్పాకా పస్తులోనో జబ్బులోనో ఉన్నట్టే.

తర్వాత వీపు తడమండి, కంటిని నమ్మకండి. ఒకసారి బొద్దుగా కనిపించిన ఆడ అల్పాకా మీద చెయ్యి వేస్తే, నాలుగంగుళాల ఉన్ని కింద వెన్నెముక కొడవలి వీపులా తగిలింది! మా కదిరి వైపు గొర్రెలవాళ్లు సంతలో నడుం నొక్కి చూడందే బేరమాడరు.

కంగారూ గడ్డి వేసవిలో పెరిగేది. చలికి ఎర్రబారి వరిగడ్డిలా అవుతుంది, కడుపు నిండుతుంది గానీ ఒళ్లు రాదు. దాణా వద్దు, చలికాలమంతా మంచి ఎండుగడ్డి వేయండి. పొలాన్ని నాలుగైదు మడులు చేసి మార్చి మార్చి మేపండి. ఆ గడ్డిని తెరిపి ఇవ్వకుండా నేలబారుగా మేపితే దుబ్బే చచ్చిపోతుంది. ఒళ్లు చేశాక పోగు కాస్త లావై ధర ఓ మెట్టు దిగొచ్చు, దిగనివ్వండి. ఎవరైనా రైగడ్డి చల్లమంటే తొందరపడకండి, దానివల్ల అల్పాకాలకు వణుకుజబ్బు రావడం ఉంది.

పిల్లనెత్తుకుని వారం వారం బాత్రూం త్రాసెక్కండి. మీ బరువు తీసేసి, మిగిలిన అంకెలు నాకు రాయండి.